చక్రముల మీది జనరేటరు

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుఫాను గోదావరి డెల్టాలో వెయ్యిమందికి పైగా ప్రజలను బలిగొన్నది. కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల సంఖ్యలో కూలినవి. వానితోపాటు విద్యుత్తు స్తంభములును ఒరిగిపోయి, తీగలు వరిచేలలో చిక్కుపడి పడియున్నవి. గాలి ఒక్క రాత్రిలో అణగినది గాని, విద్యుత్తు ఒక్క రాత్రిలో తిరిగి రాలేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకిన పిదపను ఇట్టి అనుభవమే కలిగినది. 2022 జులైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు చేరినపుడు దిగువనున్న లంకగ్రామములు దినముల తరబడి నీటిలో నిలిచినవి. ఇట్టి సమయములలో ఊరి మంచినీటి ట్యాంకు నింపుటకును, ఆరోగ్యకేంద్రమున టీకామందులను చల్లగా నిలుపుటకును, ఆశ్రయకేంద్రమున దీపము వెలిగించుటకును మనము ఎదురుచూచునది ట్రెయిలరుపై బిగించిన డీజిలు జనరేటరు కొరకే. దాని పోషణను గూర్చి నేడు మేము కొన్ని మాటలు చెప్పదలచితిమి.

దూరము నుండి చూచువారికి అది ఒక్క యంత్రమువలె కనిపించును. దగ్గరకు పోయి మూత యెత్తి చూచినచో అదియొక ఉమ్మడి కుటుంబమని తెలియును. ఇంజను ఉన్నది, ఇంజనుతో తిరుగుచు విద్యుత్తును పుట్టించు ఆల్టర్నేటరు ఉన్నది, ఇంజనును మేల్కొలుపుటకు బ్యాటరీ, చల్లార్చుటకు రేడియేటరు, దాని నీటి గొట్టములు, డీజిలు గొట్టములు, మీటర్లును స్విచ్చులును గల పలక, తేమ పట్టకుండ కాచు చిన్న హీటరు, తరచుగా దానితోడనే వచ్చు నీటిపంపు, వీనినన్నిటిని మోయు చక్రములు. వీనిలో ఏ ఒక్కటి అలిగినను మిగిలినవారి సామర్థ్యము వ్యర్థము. రెండువందల రూపాయల హోసు గొట్టము పగిలి లక్షల విలువగల యంత్రము మూలబడుట వింతకాదు.

భీమవరము, ఆకివీడు ప్రాంతములలోని రొయ్యల చెరువుల గట్లపై జనరేటర్లు అనేకము కలవు. అవి ఎండలో ఎండుచు, వానలో తడియుచు, రేకుల పాకల క్రింద నుండును. వానికి గొప్ప సంరక్షణ జరుగుచున్నదని చెప్పజాలము. అయినను అవి అవసరమునకు లేచును. పట్టణమున సర్వాంగసుందరముగా గదిలో దాచిన జనరేటరు మాత్రము అవసరమైన రాత్రి మూలిగి ఊరకుండుట మనకందరకు తెలిసినదే. కారణమేమి? చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున అత్యల్పమగును. ఆ వేళ విద్యుత్తు పోయి, నీటిని చిలుకు ఏరేటర్లు ఆగినచో సూర్యోదయమునకే పంట చచ్చి తేలును. కావున రైతు తన యంత్రమును తరచుగా నడపుచునే యుండును. నడచునపుడు ఇంజనులోని తేమ ఆవిరియైపోవును, బ్యాటరీ నిండును, నూనె ప్రతి సందునకు ప్రాకును. యంత్రము పనిచే అరుగును గాని, విశ్రాంతిచే కుళ్లును. తుఫాను కొరకు దాచిన యంత్రమునకు ఏడాదిలో మూడువందల అరువది రోజులు విశ్రాంతియే. దాని పోషణలోని కష్టమంతయు ఇక్కడనే యున్నది.

కాబట్టి మొదటి నియమము: నెలకొకసారి యంత్రమును అరగంటసేపు నడపవలెను. ఊరకే నడపిన చాలదు. దాని శక్తిలో కనీసము మూడవవంతు భారమును మోయించవలెను. భారము లేక నడచు డీజిలు ఇంజను తగినంత వేడెక్కదు. వేడెక్కని ఇంజనులో ఇంధనము పూర్తిగా మండక, నల్లని జిగురై వాల్వులకు, పొగగొట్టమునకు పట్టును. నెలనెల శ్రద్ధగా ఐదు నిమిషములు ఖాళీగా నడపి ఆర్పువారు మేలు చేయుచున్నామనుకొని కీడు చేయుచున్నారు. విజయదశమినాడు యంత్రమునకు కుంకుమబొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, మూత వేసి, మరల వచ్చు దసరా వరకు దాని ముఖము చూడనివారును కలరు. ఆయుధపూజ మన సంప్రదాయము, చేయదగినదే. ఆనాడైనను నూనె మట్టము చూచినచో అమ్మవారు కోపగించుకొనదు.

లేవని జనరేటర్ల కథలో దోషి తరచుగా బ్యాటరీయే. సీసపు బ్యాటరీ వాడకున్నను తనంతట తానే చార్జి పోగొట్టుకొనుచుండును. వేడి హెచ్చినకొలది ఆ నష్టమును హెచ్చును. మన వేసవిలో రెండుమూడు నెలలు అశ్రద్ధ చేసినచో చాలును. పూర్తిగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపవలెను. హైడ్రోమీటరు ముంచి చూచినచో ఆమ్లము సాంద్రత 1.250కి మీద నుండవలెను. 1.200 ప్రాంతమునకు దిగినదనిన దాదాపు సగము శక్తి పోయినదని అర్థము. మట్టము తగ్గినపుడు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. నూతినీటిలోని ఉప్పులు పలకలను చెరచును. కొనలపై పట్టిన తెల్లని బూజును వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయవలెను. తీగలు విప్పునపుడు ఋణధ్రువమును ముందు విప్పవలెను, బిగించునపుడు దానినే చివరను బిగించవలెను. చార్జి అగుచున్న బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. దాని చెంత బీడీ ముట్టించువానిని నిర్మొగమాటముగా వెలుపలికి పంపవలెను.

ఇక నీటి మాట. రేడియేటరులో ఏ నీరు పోయవలెనని అడుగువారు అరుదు; దగ్గరనున్న బోదెలోనిదో, బోరులోనిదో బకెట్టుతో తెచ్చి పోయుదురు. సముద్రతీర మండలములలో భూగర్భజలము ఉప్పన. ఆ లవణము ఇనుమును తినును, అల్యూమినియమును మరింత తినును; కఠినజలములోని సున్నము గొట్టముల గోడలకు గారవలె పట్టును. గార పట్టిన గొట్టము వేడిని బయటకు వదలదు. శుద్ధజలమున తయారీదారు చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి పోయుట ఉత్తమము. రబ్బరు గొట్టములను చేతితో నొక్కి చూడవలెను: గట్టిపడి బీటలిచ్చినవి, మెత్తబడి ఉబ్బినవి రెండును పనికిరావు. ఫ్యానుబెల్టు బిగువును చూడవలెను. వేడిగానున్న రేడియేటరు మూత తీయరాదని వేరుగ చెప్పనక్కరలేదనుకొందుము. కాని ముఖము, చేతులు కాల్చుకొన్నవారిని చూచిన పిదప చెప్పక తప్పదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచే నూరు డిగ్రీలకు పైబడినను మరుగక నిలిచియుండును; మూత వదులైన క్షణమున అంతయు ఆవిరియై పైకి చిమ్మును.

ఇక్కడ మన మేస్త్రీలతో మాకొక చిన్న తగవు కలదు. ఇంజను వేడెక్కుచున్నదనగానే కొందరు థర్మోస్టాటును పీకి పారవేయుదురు. మనది ఉష్ణదేశము, దీనితో పనియేమని వారి వాదము. థర్మోస్టాటు సుమారు 80 డిగ్రీల వరకు నీటిని ఇంజనులోనే త్రిప్పి, పిదపనే రేడియేటరునకు వదలు తలుపు. అది లేనిచో ఇంజను ఎంతసేపు నడచినను తగు వేడికి రాదు. మండినపుడు పుట్టిన నీటియావిరి నూనెలో కలిసి దానిని పాడుచేయును. ఇంజను వేడెక్కుటకు అసలు కారణము గార కావచ్చును, బెల్టు కావచ్చును, రేడియేటరు రెక్కల నడుమ నిండిన వరిపొట్టు కావచ్చును. తలుపు విరుగగొట్టినంత మాత్రమున ఇంటిలోని జబ్బు నయము కాదు.

డీజిలులోనికి నీరు చేరుట మరియొక బాధ. ట్యాంకు సగము ఖాళీగా నున్నచో పగటి వేడికి, రాత్రి చల్లదనమునకు లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి జారి అడుగున నిలుచును. నీటికిని డీజిలునకును నడుమ సూక్ష్మజీవులు పెరిగి జిగురు కట్టును. ఆ జిగురు ఫిల్టరును మూసివేయును. ట్యాంకును ఎల్లప్పుడు నిండుగా నుంచి, అడుగు బిరడాను నెలకొకసారి వదులుచేసి నీటిని దింపివేయవలెను. 25 కె.వి.ఎ. యంత్రము పూర్తి భారమున గంటకు సుమారు ఆరు లీటర్లు త్రాగును. 200 లీటర్ల పీపా ముప్పదిమూడు గంటలకు మించి రాదు. రోడ్లు తెగిన ఊరికి యంత్రమును పంపునపుడు ఈ లెక్క వేసికొనవలెను.

హీటరు మాట చెప్పగానే మన ప్రాంతమున నవ్వు వచ్చును. రాజమహేంద్రవరమున ఇంజనుకు చలి కాచుటయా? మంచు దేశములలో ఇంజనులోని నీటిని ఎల్లవేళల వెచ్చగా నుంచు హీటర్లు అవసరమే. మనకు మాత్రము వేడి కావలసినది ఇంజనుకు గాదు, ఆల్టర్నేటరునకు. దానిలోని రాగితీగల చుట్టలపై వార్నీషు పూత యుండును. ఆ పూతయే విద్యుత్తును దారి తప్పనీయక కాచునది. మన డెల్టా గాలిలోని తేమ, సముద్రపు గాలి తెచ్చు ఉప్పు దానిపై చేరినచో, మొదటిసారి యంత్రమును నడపినపుడే చుట్టలు కాలిపోవచ్చును. అందుకే ఆల్టర్నేటరు లోపల చిన్న హీటరు అమర్చుదురు. యంత్రము ఆగియున్నపుడు అది వెలుగుచు, లోపలి ఉష్ణోగ్రతను వెలుపలి కన్న కొలది డిగ్రీలు హెచ్చుగా నుంచును. యంత్రము నడచుచుండగా ఆగిపోవలెను. దానికి బయటినుండి విద్యుత్తు తగిలించి యుంచవలెను. ఆ ప్లగ్గును ఊడదీసి అక్కడ ఫ్యాను పెట్టుకొనుట పలుచోట్ల కనిపించు ముచ్చట.

వరదనీటిలో మునిగిన ఆల్టర్నేటరును గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. నీరు తీసిన వెంటనే ఆత్రముతో నడపరాదు. అది ఉప్పునీరో బురదనీరో అయినచో ముందు మంచినీటితో శుభ్రముగ కడుగవలెను; ఎండిన ఉప్పు మరల తేమను పీల్చుకొనును. పిదప చుట్టలను ఆరబెట్టవలెను. పందిరివంటి గుడారము కట్టి, లోపల ఫిలమెంటు దీపములుగాని హీటర్లుగాని పెట్టి, తేమ పోవుటకు పైన సందు విడిచి, వెచ్చని గాలి ఆడునట్లు చేయుదురు. చుట్టల వేడి 80 డిగ్రీలను మించకుండ థర్మామీటరుతో చూచుచుండవలెను. తొందరపడి మంటపై కాచినచో పూత బీటలువారును. నడుమనడుమ 500 వోల్టుల మెగ్గరుతో పరీక్షింపవలెను. ఇక్కడ తెలియనివారిని కంగారుపెట్టు విషయమొకటి కలదు: వేడి చేయ మొదలిడగానే మెగ్గరు చూపు సంఖ్య పెరుగుటకు బదులు తగ్గును. అది సహజమే, వేడెక్కిన పూత నిరోధము తగ్గును. తేమ వెడలిన కొలది సంఖ్య మెల్లగా పైకెక్కి ఒకచోట నిలుకడ చెందును. కనీసము ఒక మెగోము దాటి నిలిచిన పిదపనే యంత్రమును నడపుట క్షేమము; అంతకు మిక్కిలి పైకెక్కుట మంచిది. మెగ్గరు తగిలించుటకు ముందు వోల్టేజిని క్రమపరచు ఎలక్ట్రానిక్ పెట్టె తీగలను విప్పవలెను. లేనియెడల యంత్రమును పరీక్షింపబోయి పెట్టెను కాల్చినవారమగుదుము.

జనరేటరు నడచినది, దీపము వెలిగినది. అసలు అపాయము అప్పుడే మొదలగును. ట్రెయిలరు రబ్బరు చక్రములపై నిలుచుటచే దాని ఇనుపచట్రమునకు భూమితో సంబంధము లేదు. ఎక్కడనైన తీగ పూత చెడి చట్రమునకు తగిలినచో, తడినేలపై నిలిచి దానిని ముట్టిన మనుష్యుడే భూమికి దారియగును. కావున ఎక్కడ నిలిపినను ముందు చేయవలసినది ఎర్తు కడ్డీని నేలలోనికి ఆరేడడుగులు దింపి, చట్రమును, ఆల్టర్నేటరు న్యూట్రలును దానికి గట్టిగా బిగించుట. మన నేల తడినేల గనుక ఎర్తు చక్కగా కుదురును. డెల్టా మనకు చేయు మేళ్లలో ఇదియొకటి. 30 మిల్లీ ఆంపియర్లకే తెగు రక్షణస్విచ్చి యుండవలెను, దాని పరీక్షమీటను నొక్కి చూడవలెను.

దీనికన్న ఘోరమైన ప్రమాదము కంటికి కనబడదు. మెయిను స్విచ్చి తీయక, చేంజోవరు స్విచ్చి లేక, జనరేటరు తీగను ఇంటి ప్లగ్గులోనికో, బడి వైరింగులోనికో గ్రుచ్చుట మన ఊళ్లలో జరుగుచున్న పని. ఆ విద్యుత్తు ఇంటిలో ఆగదు. సర్వీసు తీగ వెంట వీధిలోనికి, వీధినుండి ట్రాన్స్‌ఫార్మరునకు పోవును. ట్రాన్స్‌ఫార్మరునకు ముందు వెనుకలు లేవు. 11,000 వోల్టులను 415కు దింపు యంత్రమే 415ను 11,000కు పెంచును. సరఫరా ఆపితిమను నమ్మకముతో రెండు మైళ్ల దూరమున తెగిన తీగను ముడివేయుచున్న లైన్‌మన్ చేతిలోనికి ఆ విద్యుత్తు చేరును. మన ఊరికి వెలుగు తెచ్చుటకు నడుములోతు నీటిలో వచ్చినవాడు మన దీపమువలన చచ్చును. చేంజోవరు స్విచ్చి ఒకేసారి రెండు దారులను కలుపజాలదు. ఒకటి తెగినగాని రెండవది కలియదు. అది లేనిచోట జనరేటరు విద్యుత్తును భవనపు వైరింగునకు ఈయరాదు. విడి తీగలు లాగి విడి దీపములు, విడి పంపు నడుపుకొనవచ్చును. ఈ విషయమున మేము మినహాయింపును ఒప్పుకొనము.

పొగ మాటయు అట్టిదే. వానకు తడియునని యంత్రమును బడి వసారాలోనికి త్రోసి నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు; నిద్రించుచున్నవారు మరల లేవరు. జనులున్న తావునకు దూరముగ, గాలి వాలు చూచి, పైన రేకు కప్పి నిలుపవలెను.

నీటిపంపు తోడున్నచో దానికిని కొన్ని మర్యాదలు కలవు. పీల్చు గొట్టము ఎంత పొట్టిదైన అంత మంచిది. లెక్క ప్రకారము 33 అడుగుల లోతునుండి నీరు పైకి రావలెను గాని ఆచరణలో ఇరువది, ఇరువదియైదు అడుగులే హద్దు. ఫుట్‌వాల్వులో చెత్త యిరికినచో గొట్టము నిలుపుకొన్న నీరంతయు దిగిపోవును. మరల బకెట్టుతో పోయవలసినదే. కీళ్లవద్ద గాలి దూరినను పంపు ఎత్తదు. సబ్బునురుగు పూసి చూచుట పనికిరాదు, అక్కడ గాలి లోపలికి పోవునే కాని బయటికి రాదు; గ్రీజు పూసి చూచినచో పంపు స్వరము మారును. మూడు ఫేజుల మోటారు తిరుగుచున్నను నీరు పలుచగా వచ్చినచో అది వెనుకకు తిరుగుచుండవచ్చును. యంత్రమును ఆపి, ఏవైన రెండు తీగలను తారుమారు చేసిన సరిపోవును. మోటారు లేచునపుడు నడచునప్పటికన్న సుమారు ఆరు రెట్లు కరెంటు లాగును. కనుక పెద్ద మోటారును ముందు లేపి, దీపములను తరువాత కలుపవలెను.

లంకలకు పోవు యంత్రము పంటుపై నది దాటవలసియుండును. పంటుపైకి ఎక్కించునపుడు చక్రములకు అడ్డుకట్టెలు, నాలుగు మూలల మోకులు తప్పనిసరి. ఏళ్ల తరబడి కదలని టైర్లు ఒకేచోట బరువు మోసి ప్రక్కల బీటలిచ్చును. ట్రెయిలరును జాకీలపై నిలుపుట, బేరింగులకు గ్రీజు పెట్టుట రెండు గంటల పని. రేవువద్ద చక్రము విరిగినచో రెండు దినముల పని.

చక్రములు లేక నీటిపై తేలు విద్యుత్కేంద్రమును సయితము ఈ డెల్టా ఎరుగును. 2001లో మంగుళూరు వద్ద తన్నీర్‌బావిలో నిలిపిన 220 మెగావాట్ల బార్జి విద్యుత్కేంద్రము 2010లో కాకినాడకు తరలివచ్చినది. 2013 తరువాత కృష్ణా గోదావరి బేసినులో సహజవాయువు కొరవడుటతో మన ప్రాంతపు గ్యాసు విద్యుత్కేంద్రములకు పని తప్పినది. అంత పెద్ద యంత్రములకును ఊరకుండుట ఒక వ్యాధియే. చుట్టలకు తేమ, గొట్టములకు త్రుప్పు పరిమాణమును చూచి జాలిపడవు.

తుఫాను గడచి యంత్రము తిరిగి వచ్చిన దినమున అందరును అలసియుందురు. ఆ దినమే దానికి ఎక్కువ పని కలదు. ఉప్పుగాలి తగిలిన పైభాగమును మంచినీటితో కడిగి తుడువవలెను. ఆల్టర్నేటరు గాలిసందులలోనికి మాత్రము నీరు కొట్టరాదు. నూనెను 250 గంటలకో ఏడాదికో, ఏది ముందైన అప్పుడు, మార్చవలెను. వరదలో నడచినచో గంటల లెక్క చూడక మార్చుట మేలు. పంపులోని నీరు దింపి, ట్యాంకు నింపి, హీటరు ప్లగ్గు తగిలించి, పొగగొట్టము కొనకు మూత పెట్టవలెను. లేనిచో కందిరీగలు మట్టిగూడు కట్టును, ఎలుకలు తీగలు కొరుకును. పలక తలుపు లోపల ఒక పుస్తకము వ్రేలాడదీసి, నడచిన గంటలు, పోసిన డీజిలు, మెగ్గరు చూపిన సంఖ్య, పాడైన భాగముల పేరులు వ్రాసి, వ్రాసినవాని సంతకమును తేదీని ఉంచవలెను. తాళపుచెవి ఎవరి యింట నున్నదో ఆ పుస్తకపు మొదటి పుటలోనే పెద్ద అక్షరములతో వ్రాసి, రెండవ తాళపుచెవిని పంచాయతీ కార్యాలయమున మేకునకు తగిలించవలెను.